బాలల కార్యక్రమమనదగినది ఏది?

షాదీపూర్‌లో ప్రొద్దు త్వరగా క్రుంకును. అండమాన్ దీవులు దేశమునకు దూరముగా తూర్పున నున్నవి. గడియారము మాత్రము దేశమంతటికి ఒక్కటే. శీతకాలమున సాయంకాలము ఐదు గంటలు దాటునప్పటికే ఇండ్లలో దీపములు వెలుగును. బడినుండి వచ్చిన పిల్లవాడు పుస్తకముల సంచి మూలకు చేర్చి టెలివిజన్ ముందు కూర్చుండును. వంటయింటినుండి తల్లి “ఏమి చూచుచున్నావురా?” అని అడుగును. “పిల్లల ప్రోగ్రామేనమ్మా” అని వాడు బదులు చెప్పును. తెరమీద పదేండ్ల బాలిక యొకతె పెద్దల సినిమా పాటకు నృత్యము చేయుచుండును. ముగ్గురు పెద్దలు ఆమెకు మార్కులు వేయుచుందురు. పిల్లవాని మాటలో అబద్ధము లేదు. తెరమీద నున్నది పిల్లయే. కాని అది పిల్లల కార్యక్రమమేనా?

ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించును గాని దానికి సమాధానము చెప్పుట సులభము కాదు. పిల్లలు కనిపించునదెల్ల పిల్లలది కాదు. పిల్లలకు నీతులు చెప్పునదెల్ల పిల్లలది కాదు. పిల్లలు కన్నార్పక చూచునదెల్ల పిల్లలది కాదు. మఱి ఏది పిల్లలది? టెలివిజన్ మన దేశమునకు రాకముందే, మద్రాసు నగరములో ఒక తెలుగు దంపతులు ఈ ప్రశ్నకు తమ పనితో సమాధానము చెప్పిరి. ఆ కథ తెలిసినచో నేటి తెరను కొలుచుటకు ఒక కొలబద్ద దొరకును.

పూర్వము తెలుగునాట పిల్లలకు వినోదము కరవై యుండలేదు. సంక్రాంతికి బొమ్మల కొలువులు, వెన్నెల రాత్రులలో అమ్మమ్మల కథలు, ఊరి బయట తోలుబొమ్మలాటలు వారికి ఉండెను. తోలుబొమ్మలాటలో కేతిగాడును బంగారక్కయు తెరమీదికి రాగానే పిల్లలు కేరింతలు కొట్టెడివారు. ఐనను ఆ యాట పిల్లల కొఱకు కట్టినది కాదు. కేతిగాని హాస్యములో సగము పెద్దలకే తెలియవలసినది. తెల్లవారువఱకు నడచు రామాయణ కథయు పెద్దలను ఉద్దేశించినదే. పిల్లలు ఆ సభలో ఒక అంచున చోటు సంపాదించుకొని, తమకు అందినంత వఱకు ఏరుకొని, తక్కినవేళ నిద్రపోయెడివారు. పిల్లలను ఎదుట కూర్చుండబెట్టుకొని, వారి వయస్సును తెలిసికొని చెప్పినది ఇంటిలోని అమ్మమ్మ ఒక్కతెయే. ఆమె కథ మధ్యలో ఆగి “తరువాత ఏమైనదో చెప్పుము” అనెడిది. ఆ ఒక్క ప్రశ్నతో వినువాడు కథలో పాలివాడగును.

1938 జూన్‌లో మద్రాసు రేడియో కేంద్రము ప్రసారములు ప్రారంభించెను. రేడియోకు ఒక లోపము పుట్టుకతోనే వచ్చినది. అది మాటలాడును గాని వినజాలదు. వేయి ఇండ్లలోని పిల్లలకు కథ చెప్పగలదు గాని, వారిలో ఒక్కని ముఖమునైనను చూడలేదు. ఈ లోపమును ఎట్లు పూరింపవలెనన్నదే బాలల కార్యక్రమము నడపువారి మొదటి చిక్కు.

ఆ చిక్కును విప్పినవారు న్యాయపతి రాఘవరావుగారును, వారి సతీమణి కామేశ్వరిగారును. రాఘవరావుగారు 1905లో గంజాం ప్రాంతపు బరంపురమున జన్మించిరి. ఆ దంపతులు 1940లో మద్రాసున ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించిరి. రేడియోలో తెలుగు పిల్లల కార్యక్రమమునకు వారే ప్రాణమైరి. తెలుగు దేశమంతటను వారి అసలు పేరులకంటె “రేడియో అన్నయ్య”, “రేడియో అక్కయ్య” అను పేరులే ప్రసిద్ధమైనవి.

ఈ రెండు పిలుపులలోనే వారి సిద్ధాంతమంతయు ఇమిడియున్నది. అదే కాలమునకు ముందుగా, ఇంగ్లండులో 1922లో ప్రారంభమైన బి.బి.సి. బాలల కార్యక్రమమున పిల్లలతో మాటలాడువారు తమ్ము “అంకుల్” అనియు “ఆంట్” అనియు చెప్పుకొనెడివారు. అది 1964 వఱకు నడచిన గొప్ప కార్యక్రమమే. ఐనను మామయ్య వేఱొక తరమువాడు. ఆయన ఇంటికి వచ్చునప్పుడు పిల్లలు చేతులు కడిగికొని బుద్ధిగా కూర్చుందురు. పంతులుగారైనచో బెత్తము గుర్తునకు వచ్చును. తాతగారైనచో ఉపదేశము తప్పదు. అన్నయ్య అట్టివాడు కాడు. ఆ తల్లి చేతి ముద్దయే ఆయనయు తిన్నాడు. ఆ తండ్రి చేతనే ఆయనయు చీవాట్లు పడినాడు. లోకము తెలిసినది నాలుగేండ్లు ముందుగానే గాని, ఆయన తరము పిల్లల తరమే. ఆయనను ఎదిరించి “అట్లు కాదన్నయ్యా” అనవచ్చును. ముప్పదియైదేండ్ల వయస్సులో బాలల సంఘమును స్థాపించిన ఒక పెద్దమనిషి, పిల్లలచేత అన్నయ్య అని పిలిపించుకొనుట వేడుక కొఱకు చేసినది కాదు. పిల్లలకును తనకును నడుమ నున్న పీట యెత్తును తగ్గించుకొనుటయే అది.

ఇక రెండవ విషయము. ఆ కార్యక్రమములో పిల్లలు వినువారు మాత్రమే కారు. పాడువారు, ఆడువారు, కథ చెప్పువారు, నాటికలలో వేషములు వేయువారు పిల్లలే. అన్నయ్యయు అక్కయ్యయు వారికి దారి చూపి, తడబడినచోట మాట అందించెడివారు. ఊరిలో నున్న పిల్లవాడు రేడియోలో తన వయస్సువాని గొంతు, తన వానివలెనే కొంచెము వణకు గొంతు, వినెను. “ఇది నేనును చేయగలను” అని వానికి తోచెను. రేడియో వినజాలని లోపమును ఆ దంపతులు ఈ విధముగా పూరించిరి. పెట్టె తనకు తానుగా వినలేకపోయినను, పెట్టెలోనికే పిల్లలను పిలిచిరి.

1945లో వారు “బాల” యను మాసపత్రికను ప్రారంభించిరి. పిల్లల మాటకు అచ్చులో చోటిచ్చుట దాని విశేషము. పదునాలుగేండ్ల బాలుడొకడు ఆ సంవత్సరమే దానికి “అమ్మ మాట వినకపోతే” యను కథను వ్రాసెను. ఆ బాలుడే తరువాతి కాలమున తెలుగు హాస్యమునకు పెట్టనికోటయైన ముళ్లపూడి వెంకటరమణ. బాపు తొలినాళ్ల బొమ్మలును ఆ పత్రికలో వెలువడినవే. ఆ ఇద్దఱు బాలుర స్నేహము తరువాత తెలుగు కథకును, చిత్రమునకును, చలనచిత్రమునకును ఏమి చేసినదో వేఱుగ చెప్పనక్కఱలేదు. పత్రిక 1959 ప్రాంతమున ఆగిపోయెను. కాని అప్పటికే అది చేయవలసిన పని చేసియుండెను. చదువరిని రచయితగా మార్చియుండెను.

ఇచ్చట ఒక ఆక్షేపణకు తావున్నది. పిల్లలే వ్రాసి, పిల్లలే పాడినగాని అది పిల్లలది కాదందుమా? అట్లైనచో 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు ప్రారంభించిన “చందమామ” మాట ఏమి? అందు వ్రాసినవారు పెద్దలు. బొమ్మలు వేసినవారు పెద్దలు. ఐనను అది పిల్లల పత్రిక కాదనుటకు ఎవరికిని నోరు రాదు. కారణమేమి? చందమామ పిల్లవానిని తెలివిగలవానిగా నెంచినది. రాజు తప్పు చేసినచో చేసెనని చెప్పినది. దయ్యము వచ్చినచో వచ్చెనని చెప్పినది. విక్రమార్కుని భుజముమీది బేతాళుడు ప్రతి నెలయు చిక్కు ప్రశ్న వేసినప్పుడు, రాజు బదులు చెప్పులోపల పిల్లవాడును ఆలోచింపవలసివచ్చెను. పిల్లలు తెరమీద ఉండవలెనన్నది నియమము కాదు. పిల్లవానితో మాటలాడుట, వాని బదులు కొఱకు ఒక క్షణము ఆగుట, ఇవి నియమములు. అమ్మమ్మ చేసినదియు ఇదే.

ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956లో అన్నయ్యయు అక్కయ్యయు తమ కార్యక్షేత్రమును హైదరాబాదునకు మార్చిరి. సంఘము అచ్చట వేళ్లూనుకొన్నది. కామేశ్వరిగారు 1980లోను, రాఘవరావుగారు 1984లోను కీర్తిశేషులైరి. వారి జీవితముల చివరి యేండ్లలోనే తెలుగువారి ఇంటికి టెలివిజన్ వచ్చెను.

మన దేశములో టెలివిజన్ ప్రసారములు ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న ప్రయోగముగా ఆరంభమైనవి. 1961నుండి ఆ నగరపు బడులకు పాఠములు ప్రసారమైనవి. తెలుగు పల్లెకు అది చేరినది 1975లో. ఆ యేడు ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వఱకు, అమెరికా ఉపగ్రహమొకదాని సాయముతో ఆఱు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు ప్రసారములు జరిగినవి. అందు ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయమున బడి పిల్లలకు ఒక్కొక్క భాషలో ఇరువదిరెండున్నర నిమిషముల కార్యక్రమము. సాయంకాలము పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము, వినోదము. రైలుబండి యెరుగని ఊళ్లలో కూడ పిల్లలు బడి వసారాలో కూర్చుండి తెలుగు మాటలాడు బొమ్మలను చూచిరి. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రారంభమైనది. దానితో కొత్త చిక్కు వచ్చినది. రేడియో వినువాడు కన్నులు మూసికొని తన బొమ్మను తానే గీసికొనెడివాడు. టెలివిజన్ ఆ పనిని కూడ తానే చేసిపెట్టును. కనుక టెలివిజన్‌లో పిల్లవానికి మిగులు పని మఱింత తక్కువ. ఆ పనిని తెలిసి మిగిల్చినగాని మిగులదు.

దీనిని ఇతర దేశములవారు ఎట్లు సాధించిరో చూచుట ఉపయోగకరము. అమెరికాలో 1969 నవంబరులో ప్రారంభమైన “సెసమీ స్ట్రీట్” అను కార్యక్రమమును ప్రసారము చేయుటకు ముందే పిల్లలకు చూపి పరీక్షించిరి. పిల్లవాని ఎదుట టెలివిజన్ నుంచి, ప్రక్కన వేఱొక తెరమీద కొన్ని క్షణముల కొక చిత్రము చొప్పున మార్చుచు, ఎప్పుడు వాని చూపు ప్రక్కకు మరలెనో గుర్తించిరి. పెద్దలు మాత్రమే మాటలాడు వీథి దృశ్యములు రాగానే పిల్లల చూపు చెదరినది. అందుపై ఆ వీథిలోనికి బొమ్మలను దింపి మనుష్యులతో కలిపిరి. బొమ్మలను మనుష్యులను కలుపరాదని పండితులు హెచ్చరించియుండిరి. ఐనను అధికారులు పండితుల మాటకంటె పిల్లల చూపునే ప్రమాణముగా గైకొనిరి.

అదే దేశమున ఫ్రెడ్ రోజర్స్ అను నాతడు 1968నుండి 2001 వఱకు నడపిన కార్యక్రమము వేఱొక త్రోవ త్రొక్కినది. అందు తొందర లేదు. ఆతడు కెమెరావైపు చూచి ఒక్క పిల్లవానితో మాటలాడునట్లు మాటలాడెడివాడు. తొట్టిలోని చేపలకు మేత వేయుట ఆ కార్యక్రమములో నిత్యము జరుగు పని. ఒక చిన్న బాలిక, చేపలకు మేత వేసితివో లేదో నాకు తెలియక దిగులుగా నున్నది, పైకి చెప్పుమని జాబు వ్రాయించినది. ఆమెకు చూపు లేదు. అది మొదలు ఆతడు చేపలకు మేత వేయునప్పుడు ఆ మాట పైకి చెప్పెడివాడు. లక్షలమంది చూచు కార్యక్రమము ఒక్క బిడ్డ కొఱకు తన మాటను మార్చుకొనినది. మద్రాసులో అన్నయ్య యను పిలుపును, ఇచ్చట చేపల మేత మాటయు ఒకే గుణమునకు రెండు రూపములు.

ఇప్పటి తెలుగు తెరమీద పిల్లల కొఱకు ప్రత్యేకమైన ఛానళ్లే వచ్చినవి. ఇరువదినాలుగు గంటలును బొమ్మల చిత్రములు తెలుగు మాటలతో వినిపించును. వానిలో మంచివి లేకపోలేదు. కాని పెక్కు చిత్రములు ఎక్కడో తయారై, మాట మాత్రము ఇచ్చట అతికించుకొన్నవి. వాని నడుమ మిఠాయిలకును ఆటబొమ్మలకును ప్రకటనలు వచ్చును. పన్నెండేండ్ల లోపు పిల్లలను ఉద్దేశించి టెలివిజన్‌లో ప్రకటనలు చేయరాదని స్వీడన్ దేశము 1991లోనే శాసనము చేసెను. మన దేశపు 1994నాటి కేబుల్ టెలివిజన్ నియమావళియు, పిల్లల కొఱకు ఉద్దేశించిన కార్యక్రమములలో అసభ్యపు మాటలుగాని స్పష్టమైన హింసగాని ఉండరాదనినది. అది మంచి నియమమే. ఐతే నియమము చెడును అడ్డగింపగలదు గాని మంచిని పుట్టింపలేదు.

పోటీల విషయము మఱింత చింతింపవలసినది. 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వశాఖ ప్రైవేటు ఛానళ్లకు ఒక హెచ్చరిక పంపెను. నృత్యపు పోటీలలో చిన్నపిల్లలచేత, సినిమాలలో పెద్దలు చేసిన, వయస్సునకు తగని అంగవిన్యాసములను చేయింపవద్దని దాని సారాంశము. ఆ పోటీలలో శ్రమించు పిల్లల ప్రతిభను తక్కువ చేయుట తగదు; వారి సాధన నిజమైనది. కాని ఆ కార్యక్రమము ఎవరిని ఉద్దేశించినది? పాట పెద్దలది. వలపు పెద్దలది. తీర్పు పెద్దలది. ఓడిన బాలుని కన్నీరు చూచి ఇంటిలో కంట తడి పెట్టువారును పెద్దలే. అందు పిల్లవాడు సరకుగా ఉన్నాడు గాని అతిథిగా లేడు. బాలానందములో పిల్లవాడు తడబడినచో అన్నయ్య మాట అందించెను; ఇచ్చట తడబడినచో మార్కులు తగ్గును. రెండు చోట్లను గొంతు పిల్లవానిదే. కొలత మాత్రము వేఱు.

కావున పిల్లల కార్యక్రమమును గుర్తించుటకు మూడు ప్రశ్నలు చాలును. ఇది ఎవరితో మాటలాడుచున్నది? ఇందులో పిల్లవానికి చేయుటకుగాని, తలచుటకుగాని ఏమి మిగిలినది? ముగిసిన పిదప వాడు తెరముందే ఉండిపోవుచున్నాడా, లేచి తానును ఏదైన చేయ మొదలుపెట్టుచున్నాడా? మూడవ ప్రశ్నయే అన్నిటికంటె నమ్మదగినది. మంచి కార్యక్రమము ముగియగానే పిల్లవాడు లేచి, చెల్లెలిని కూర్చుండబెట్టి, తానే అన్నయ్యయై కథ మొదలుపెట్టును.

1995లో మెల్‌బోర్న్‌లో జరిగిన ప్రపంచ సమావేశమున రూపొందిన బాలల టెలివిజన్ ప్రణాళికలో నాలుగవ ప్రశ్నకు మూలమున్నది. పిల్లలు తమ్మును, తమ సంస్కృతిని, తమ భాషను తెరమీద వినవలెను, చూడవలెను, వ్యక్తము చేయవలెను అని అందలి భావము. అది షాదీపూర్‌వంటి చోట కేవలము ఆదర్శము కాదు, నిత్యావసరము.

షాదీ యనగా హిందూస్థానీలో పెండ్లి. 1858లో ఆంగ్లేయులు ఈ దీవిలో శిక్షాస్థావరమును నెలకొల్పిన పిమ్మట, సత్ప్రవర్తన గల ఖైదీలకు పెండ్లియాడి కాపురముండుటకు అనుమతినిచ్చిరి. నానా ప్రాంతములవారి ఆ కాపురములలో పుట్టిన పిల్లలకు హిందూస్థానీ ఉమ్మడి భాషయైనది. తల్లి యొక భాష, తండ్రి యొక భాష; పిల్లల ఆటలో గెలిచినది మూడవ భాష. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమను పేరు పొందిన పోర్ట్‌బ్లెయిర్ నగరములో, ఇప్పటి తెలుగు ఇంటి పిల్లవాడును వీథిలో హిందీయే మాటలాడును. అందు తప్పు లేదు. అది వానికి స్నేహితులనిచ్చిన భాష. 2011 జనాభా లెక్కలనుబట్టి ఈ దీవులలో నూటికి 13 మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి సముద్రము దాటి వచ్చిన కుటుంబములవారే వీరిలో ఎక్కువ. వారి మనుమలకు తెలుగు నిలుచుట నిలువకపోవుట పాఠ్యపుస్తకముకంటె, ఆ భాషలో నవ్వుటకును పోట్లాడుటకును కథ చెప్పుటకును వారికి తావు ఉన్నదా లేదా అనుదానిపై ఆధారపడును. భాష పిల్లలకు ఆజ్ఞలు వినుటకు మాత్రమే పనికివచ్చినచో, ఆజ్ఞాపించువారితోనే అది వెళ్లిపోవును.

ఇంత దూరమున తెలుగు ఛానలు తెచ్చు పోటీ నృత్యము ఆ తావును ఇయ్యజాలదు. ఇయ్యగలవారు ఊరిలోని పెద్దలే. దానికి స్టూడియో అక్కఱలేదు. ఉగాది సభలో పిల్లల అంశములకు కేటాయించిన అరగంటను నిజముగా పిల్లలకే వదలిన చాలును. సినిమా పాటకు బదులుగా, అమ్మమ్మ చెప్పిన కథను పిల్లలే నాటికగా కూర్చుకొనవచ్చును. ఓడలో విశాఖకు పోయి వచ్చిన ప్రయాణమును ఒక బాలిక తన మాటలలో చెప్పవచ్చును. నడుమ ఒక హిందీ మాట దొరలినచో సభలో ఎవరును నవ్వకుండుట, బహుమతి ఒక్కరికి గాక అందఱికి నిచ్చుట, ఇవియే నియమములు. వేదికమీద ప్రక్కగా నిలుచుటకు ఒక అన్నయ్యయో అక్కయ్యయో కావలెను. వారి పని పాడుట కాదు, తీర్పు చెప్పుట కాదు. తడబడిన బిడ్డకు ఒక్క మాట అందించి వెనుకకు తగ్గుట.

1940లో మద్రాసులో ఒక దంపతులు చేసినది ఇంతకంటె ఎక్కువ కాదు. వారి దగ్గఱ తెర లేదు, రంగులు లేవు. అడిగి, బదులు వచ్చువఱకు ఆగు ఓర్పు మాత్రముండెను. షాదీపూర్‌లో దీపములు వెలిగిన వేళ తెరముందు కూర్చుండిన బిడ్డకును కావలసినది అదియే. “ఏమి చూచుచున్నావురా?” అని వంటయింటినుండి అడిగిన తల్లి, చేతి పని ముగించి వచ్చి వాని ప్రక్కన కూర్చుండి, “తరువాత ఏమైనదో నాకు చెప్పుము” అని అడిగెనేని, ఆ ఇంటిలో బాలల కార్యక్రమము అప్పుడే మొదలైనట్లు.